క్రూజ్‌లో మందు ఖర్చు: ప్యాకేజీ కొనాలా, తాగినదానికి కట్టుకోవాలా?

క్రూజ్ టికెట్ కొన్న వారానికే ఈమెయిళ్లు మొదలవుతాయి. అన్‌లిమిటెడ్ డ్రింక్స్ ప్యాకేజీ (రోజుకింత అని ముందే కట్టేసి ఓడలో తాగే పద్ధతి) మీద 30 శాతం తగ్గింపు అంటారు, ఆఫర్ ఇంకా రెండు రోజులే అంటారు. డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉన్న మనవాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో దీవి కోజుమెల్‌కి ట్రిప్ బుక్ చేసుకున్న ప్రతిసారీ వాట్సాప్ గ్రూపులో ఇదే చర్చ నడుస్తుంది: తీసుకుందామా, వద్దా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భార్యాభర్తల్లో ఒక్కరే తాగే ఇల్లయితే ప్యాకేజీ దాదాపుగా గిట్టుబాటు కాదు. ఇద్దరూ తాగేవాళ్లయితే ఆ ట్రిప్‌కి రోజు ధర ఎంత పెట్టారో, ఓడ ఎన్ని రోజులు నడి సముద్రంలో ఉంటుందో చూసి తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో లెక్కలతో సహా చెబుతాను. ఉదాహరణలన్నీ అమెరికా నుంచి కరీబియన్ వెళ్లే ఓడలవి. అక్కడ మందు తాగాలంటే 21 ఏళ్లు నిండాలి.

టికెట్‌లో వచ్చేది, రానిది

భోజనాలు, మంచినీళ్లు, మామూలు టీ, కాఫీ, నిమ్మరసం, ఐస్ టీ, పొద్దున టిఫిన్ దగ్గర పెట్టే జ్యూసులు టికెట్‌లోనే వస్తాయి. కోక్, పెప్సీ రావు. బాటిల్ నీళ్లు, కాపుచినో లాంటి కాఫీలు, మాక్‌టెయిల్స్ (మందు కలపని కాక్‌టెయిల్స్), మందు దేనికైనా విడిగా కట్టాల్సిందే.

ధరలు ఓడను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. స్థూలంగా బీరు 8, 9 డాలర్లు, కాక్‌టెయిల్ 13 నుంచి 15, గ్లాసు వైన్ 11 నుంచి పైకి, కాఫీ 5, కోక్ 4, మాక్‌టెయిల్ 8 అనుకోండి. వీటన్నిటి మీదా 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జి పడుతుంది. మెనూలో 14 అని ఉన్న కాక్‌టెయిల్ బిల్లులో 16.52 అవుతుంది. లెక్క వేసేటప్పుడు ఎప్పుడూ ఈ రెండో అంకెనే పట్టుకోండి. ప్యాకేజీ ధర మీద కూడా ఈ ఛార్జి విడిగానే పడుతుంది. ఈమెయిల్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే ధరలో అది కలిసి ఉండదు.

విస్కీ తాగేవాళ్లకి ఒక మాట. ఓడలో సింగిల్ అంటే సుమారు ఒకటిన్నర ఔన్సు, 45 ఎంఎల్ లోపే. మన దగ్గర చిన్న పెగ్గు 30, లార్జ్ 60. ఇంట్లో లార్జ్ అలవాటైనవాళ్లు ఓడలో రెండు తాగుతానని లెక్క వేసుకుని మూడు ఆర్డర్ చేస్తారు. సింగిల్స్ లెక్కన ఎన్ని అవుతాయో ముందే చూసుకుంటే బడ్జెట్ తప్పదు. అన్‌లిమిటెడ్ ప్యాకేజీ ఉన్నా, డబుల్ అడిగితే ఇచ్చేస్తారని అనుకోవద్దు. చాలా కంపెనీలు ప్యాకేజీ మీద ఒకేసారి రెండు పెగ్గులు పోయరు.

ఎన్ని తాగితే గిట్టుతుంది?

రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ల డీలక్స్ బెవరేజ్ ప్యాకేజీని తీసుకుందాం. దాని ధర స్థిరంగా ఉండదు. ఓడ, సీజను, కొన్న రోజును బట్టి 60 డాలర్ల దగ్గర్నుంచి 100 దాటే వరకూ మారుతుంది. మనిషికి రోజుకు 80 అనుకుంటే, 18 శాతం కలిపాక 94.40. ఏడు రాత్రులకి 660 డాలర్ల 80 సెంట్లు. దంపతులకి 1,321. రూపాయల్లో లక్ష దాటిపోయింది. కొన్ని సీజన్లలో ఇద్దరిలో ఒకరి క్రూజ్ టికెట్టే ఈ ధరకి వస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మందు తాగేవాళ్లు కూడా రోజూ రెండు మంచి కాఫీలు, ఒక కోక్, ఒక బాటిల్ నీళ్లు ఎలాగూ తీసుకుంటారు. సర్వీస్ ఛార్జితో కలిపి అవి 21 డాలర్ల పైచిలుకు. ప్యాకేజీ ఉంటే ఇవి కూడా అందులోనే వస్తాయి కాబట్టి వీటిని తీసేద్దాం. మిగతా 73 డాలర్లు మందుతోనే రాబట్టుకోవాలి. కాక్‌టెయిల్ 16.52 చొప్పున నాలుగున్నర. ఒక రోజు కాదు, ఏడు రోజులూ సగటున అంతే తాగాలి. ఇదే లెక్కన ప్యాకేజీ 60కి దొరికితే రోజుకు మూడు కాక్‌టెయిల్స్ చాలు, 100 అయితే ఆరు దాకా పోవాలి. బీరు తాగేవాళ్లకి ఇది ఇంకా కష్టం. బీరు సర్వీస్ ఛార్జితో 10 డాలర్లే కాబట్టి, 80 ధర దగ్గర రోజుకు ఏడు బీర్లయితే తప్ప డబ్బు తిరిగి రాదు.

ఈ సగటు దగ్గరే చాలామంది తప్పుగా అంచనా వేసుకుంటారు. మొదటి రోజు ఓడ ఎక్కేసరికే మధ్యాహ్నం అవుతుంది. గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఏడు రాత్రుల ట్రిప్‌లో సాధారణంగా కోజుమెల్, రోవటాన్, కోస్టా మాయా లాంటి మూడు ఊళ్లుంటాయి. ఆ రోజుల్లో పొద్దున టిఫిన్ చేసి దిగితే సాయంత్రం దాకా ఒడ్డునే ఉంటారు. కోజుమెల్ బీచ్‌లో తాగే మార్గరీటాకి ఓడ ప్యాకేజీ పనిచేయదు, అక్కడ చేతి నుంచి మళ్లీ కట్టాల్సిందే. అంటే పూర్తిగా ఓడలో గడిపే రోజులు మూడే. మిగిలిన నాలుగు రోజుల్లో తగ్గిన లోటు కూడా ఆ మూడు రోజుల్లోనే పూడాలి. అలా పూడ్చడానికి ఎనిమిది, తొమ్మిది తాగడం ఒంటికి ఎంతమాత్రం మంచిది కాదు. డబ్బు కట్టేశాం కదా అని ఒక్క గ్లాసు కూడా ఎక్కువ తాగొద్దు. కట్టింది ఎలాగూ వెనక్కి రాదు, మర్నాడు తలనొప్పితో క్యాబిన్‌లో పడుకుంటే ఆ రోజు కూడా పోతుంది.

మయామీ, పోర్ట్ కెనావెరల్ నుంచి బహామాస్ వెళ్లే మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల్లో లెక్క కొంచెం మారుతుంది. రాయల్ కరీబియన్ సొంత దీవి కోకోకేలో వాళ్ల ప్యాకేజీ పనిచేస్తుంది. ఒడ్డున గడిపిన రోజు కూడా ఓడలో గడిపినట్టే లెక్క. మరో కంపెనీ కార్నివాల్ వాళ్ల చీర్స్ ప్యాకేజీ కూడా అలాగే అన్ని దీవుల్లోనూ పనిచేస్తుందని అనుకోవద్దు. దీవి పేరు చూసి, ప్యాకేజీ అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కున్నాకే కొనండి.

ఒకే క్యాబిన్, ఒకే నియమం

మన కుటుంబాలకి అసలు చిక్కు ఇక్కడుంది. రాయల్ కరీబియన్‌లోనూ, కార్నివాల్‌లోనూ క్యాబిన్‌లో ఒక్క పెద్దవాళ్లు మందు ప్యాకేజీ తీసుకున్నా, ఆ క్యాబిన్‌లో 21 దాటిన ప్రతి ఒక్కరూ తీసుకోవాలి. ఒకరి ప్యాకేజీ మీద ఇద్దరు తాగకుండా పెట్టిన నియమం ఇది. వాళ్ల వైపు నుంచి చూస్తే సబబే. కానీ భర్త సాయంత్రం రెండు పెగ్గులు వేసుకుని, భార్య అసలు ముట్టని ఇళ్లు మనలో ఎన్నో. కొన్ని ఇళ్లలో ఆవిడ వైన్ తాగుతుంది, ఆయన మానేశాడు. ఎటు చూసినా ఒకరి కోసం ఇద్దరికీ కట్టాలి.

పై లెక్కనే మళ్లీ వేద్దాం. ఇద్దరికీ కలిపి రోజుకు 188.80. తాగని మనిషి రెండు కాఫీలు, ఒక కోక్, ఒక మాక్‌టెయిల్ తీసుకుంటే 26 డాలర్లు. తాగే మనిషి కాఫీ, కోక్, నీళ్లు 21. ఇంకా 141 మిగిలింది. ఆ ఒక్క మనిషే రోజుకు ఎనిమిదిన్నర కాక్‌టెయిల్స్ తాగితే గానీ లెక్క సరిపోదు. ఏ భార్యా, ఏ భర్తా సమ్మతించకూడని అంకె అది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లని మన క్యాబిన్‌లోనే మూడో, నాలుగో మనిషిగా వేసుకుంటాం. అది టికెట్‌లో కలిసొస్తుంది. కానీ ప్యాకేజీ తీసుకుంటే వాళ్లకీ కట్టాలి. మజ్జిగ తప్ప ఏదీ తాగని అమ్మగారి పేరున రోజుకు 94 డాలర్లు! పెద్దవాళ్లతో వెళ్తుంటే ప్యాకేజీ పేజీ తెరవకపోవడమే మేలు.

గర్భిణి అయినా, ఆరోగ్య కారణాల వల్ల తాగకూడని మనిషయినా, కంపెనీకి ఫోన్ చేసి చెబితే వాళ్లకి మందు లేని రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీ ఇచ్చి, రెండో మనిషికి పూర్తి ప్యాకేజీ ఇవ్వడానికి కొన్నిసార్లు ఒప్పుకుంటారు. హక్కుగా అడిగేది కాదు, అవతల ఫోన్ ఎత్తినవాళ్ల విచక్షణ. అడగడంలో తప్పు లేదు. రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీ 35 డాలర్ల దాకా ఉంటే, ఛార్జితో 41. రోజూ మూడు మాక్‌టెయిల్స్, రెండు కాఫీలు తాగేవాళ్లకి దాదాపు సరికి సరి. అంతకన్నా తక్కువైతే వద్దు.

నలుగురైదుగురు స్నేహితులు కలిసి వెళ్లే ట్రిప్పుల్లో ఇంకో పద్ధతి ఉంది. రెండు జంటలు, ఇద్దరు మగవాళ్లే తాగుతారనుకుందాం. బుకింగ్‌లో ఆ ఇద్దర్నీ ఒక క్యాబిన్ పేరున, ఆడవాళ్లిద్దర్నీ పక్క క్యాబిన్ పేరున వేసుకుంటారు. ఓడ ఎక్కాక గెస్ట్ సర్వీసెస్‌లో అదనపు కీ కార్డులు తీసుకుని ఎవరి జంట వాళ్లు ఉంటారు. నలుగురికి 2,643 కట్టాల్సింది ఇద్దరికి 1,321తో పోతుంది. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. సేఫ్టీ డ్రిల్‌కి కాగితం మీద ఉన్న క్యాబిన్ ప్రకారం వెళ్లాలి, బిల్లులు కూడా క్యాబిన్ల వారీగా కలిసిపోతాయి. ఆఖరి రోజు లెక్కలు తేల్చుకునే ఓపిక ఉన్న స్నేహితులతోనే ఇది చేయండి. అప్పుడు కూడా ఆ ఇద్దరూ రోజుకు నాలుగైదు తాగేవాళ్లయితేనే లాభం, లేదంటే ఆ తిప్పలన్నీ వృథా. ఒకరి కార్డు మీద ఇంకొకరికి డ్రింక్ తెచ్చివ్వడం మాత్రం ఎవరూ చేయొద్దు. పట్టుకుంటే డబ్బు వాపసు ఇవ్వకుండా ప్యాకేజీ రద్దు చేస్తారు.

కంపెనీని బట్టి తేడాలు

రాయల్ కరీబియన్ ప్యాకేజీలో డ్రింక్ ధర 14 డాలర్ల వరకూ కవర్ అవుతుంది. దాటితే తేడా మీరు కట్టుకోవాలి. రోజుకు ఇన్నేనన్న పరిమితి పెట్టలేదు. కార్నివాల్ చీర్స్‌లో 20 డాలర్ల వరకూ డ్రింకులు వస్తాయి, రోజుకు 15 పరిమితి. గాల్వెస్టన్, న్యూయార్క్ నుంచి బయల్దేరే కార్నివాల్ ఓడల్లో మొదటి రోజు చీర్స్ పనిచేయదు, మర్నాటి నుంచే మొదలు. టెక్సాస్ మనవాళ్లు ఇది తెలియక ఓడ ఎక్కగానే బార్ దగ్గర కార్డు ఇచ్చి, బిల్లు పడ్డాక ఆశ్చర్యపోతుంటారు.

నార్వేజియన్‌లో టికెట్‌తోపాటు ఓపెన్ బార్ ఉచితమన్నట్టు చూపిస్తారు. దాని అసలు ధర మీద 20 శాతం సర్వీస్ ఛార్జి మాత్రం మనమే కట్టాలి. మనిషికి రోజుకు 20 డాలర్ల పైనే పడుతుంది. ఏడు రాత్రులకి ఇద్దరికీ కలిపి 300 దాకా. ఇద్దరూ రోజుకు ఒకటి రెండు తాగే జంటకి ఇది నిజంగా బాగుంటుంది. ఎవరూ తాగకపోతే ఆ ఆఫర్ లేని టికెట్ ధర అడిగి చూడండి.

ప్రిన్సెస్ ప్లస్ ప్యాకేజీ నాకు మిగతావాటికన్నా నచ్చుతుంది. రోజుకు 60 డాలర్ల పైన ఉండే ఆ ధరలో 15 డాలర్ల వరకూ డ్రింకులు, వైఫై, సిబ్బంది టిప్పులు కలిసి వస్తాయి. వైఫై, టిప్పులు ఎలాగూ కట్టేవే. ఆ రెంటికీ కలిపి రోజుకు 40 దాకా తీసేస్తే, మందుకి కట్టేది 20, 25 డాలర్లే. రోజుకు ఒక గ్లాసు వైన్, ఒక కాఫీ తాగినా సరిపోతుంది. సెలవులో కూడా ఆఫీస్ మెయిల్ చూడక తప్పని వాళ్లకి ఇది సరిగ్గా కుదురుతుంది.

వర్జిన్ వాయేజెస్‌లో అన్‌లిమిటెడ్ ప్యాకేజీయే లేదు. ముందుగా కొంత డబ్బు వేసుకుంటే బార్ ట్యాబ్‌లో అది కరుగుతూ పోతుంది. పిల్లల్ని ఎక్కించరు కాబట్టి కుటుంబాలకి పనికిరాదు.

ఇక రాయల్ కరీబియన్‌లో తరచూ ప్రయాణించి, ఆ ప్రయాణాలకి ఇచ్చే పాయింట్లు 80కి చేరి డైమండ్ స్థాయి అందుకున్నవాళ్లకి రోజుకు నాలుగు డ్రింకులు ఉచితంగా వస్తాయి. వాళ్లకి ప్యాకేజీ అవసరమే లేదు. మీ గ్రూపులో అలాంటివాళ్లుంటే వాళ్ల మాట విని మీరు కొనొద్దు, మానొద్దు. వాళ్ల లెక్క వేరు.

తాగినదానికి కట్టేవాళ్లు ఖర్చు ఎలా పట్టి ఉంచాలి

ఒక్కరే తాగే ఇంటికి నేను చెప్పే ప్రణాళిక ఇది. ఓడలో గడిపే రోజు మూడు, ఊళ్లో దిగిన రోజు రెండు, మొదటి రోజు రెండు. ఏడు రాత్రుల ట్రిప్‌కి మొత్తం 17. బీర్లు, కాక్‌టెయిల్స్ కలిపి సగటున 12 డాలర్లు, ఛార్జితో 14.16 అనుకుంటే 240 డాలర్లు. ఇద్దరికీ రోజుకో కాఫీ 83, మాక్‌టెయిల్స్ నాలుగు 38. అంతా కలిపి 361. ప్యాకేజీ 1,321 కదా. మిగిలిన 960 డాలర్లతో కోజుమెల్‌లో అందరూ స్నార్కెలింగ్ చేసి, ఒక రాత్రి స్పెషాలిటీ రెస్టారెంట్‌లో భోంచేసినా ఇంకా మిగులుతుంది.

ఓడలో నగదు ఉండదు, అంతా కార్డు మీదే. అందుకే చెయ్యి జారుతుంది. రోజూ పడుకునే ముందు యాప్‌లో బిల్లు చూసుకోండి. తప్పు పడితే అప్పుడే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్తే సర్దుతారు. ఆఖరి పొద్దున వెళ్తే అక్కడ బారెడు క్యూ.

బార్‌లో ఇచ్చే రసీదు కూడా ఒకసారి చదవండి. పైన డ్రింక్ ధర, కింద 18 శాతం సర్వీస్ ఛార్జి, ఆ కింద మొత్తం ఉంటాయి. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంటుంది, అదనపు టిప్పు కోసం. రెస్టారెంట్ అలవాటుతో చాలామంది అక్కడ మళ్లీ రెండు మూడు డాలర్లు రాసేస్తారు. టిప్పు అప్పటికే పడిపోయింది. ఇష్టమై ఇస్తే సరే, తెలియక మాత్రం ఇవ్వొద్దు.

వైన్ తాగేవాళ్లకి మంచి వెసులుబాటు ఉంది. రాయల్ కరీబియన్, కార్నివాల్, ప్రిన్సెస్‌లలో ఎక్కే రోజు పెద్దవాళ్లు తలకొక 750 ఎంఎల్ వైన్ సీసా తీసుకెళ్లొచ్చు. చేతి బ్యాగులోనే పెట్టుకోండి, పెద్ద సూట్‌కేసులో వద్దు. ఇద్దరికి రెండు సీసాలంటే పది గ్లాసులు. బార్‌లో అయితే 130 డాలర్ల పైమాటే. క్యాబిన్‌లో తాగితే ఏ ఖర్చూ లేదు, డైనింగ్ హాల్‌కి తెచ్చుకుంటే మూత తీసినందుకు 15 నుంచి 20 డాలర్ల దాకా వేస్తారు. డిస్నీ ఇంకా ఉదారం: పెద్దవాళ్లకి తలకి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, దారిలో ప్రతి ఊళ్లోనూ అదే లెక్క. ఎంఎస్‌సీలో ఏదీ తీసుకెళ్లనివ్వరు.

విస్కీ, వోడ్కా ఈ కంపెనీల ఓడల్లోకి తీసుకెళ్లలేం. నీళ్ల బాటిల్లో పోసి దాచే చిట్కాలు వినిపిస్తుంటాయి. బ్యాగులన్నీ స్కాన్ అవుతాయి. పిల్లల ముందు బాటిల్ లాక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

దారిలో కొన్న డ్యూటీ ఫ్రీ సీసాలు ఓడవాళ్లే తీసుకుని ఆఖరి సాయంత్రం ఇస్తారు. వాటిని తాగే ఖర్చులో కలపకండి, ఇంటికి తెచ్చుకునే ఖర్చు అది. 21 దాటినవాళ్లకి తలకి లీటరు వరకూ అమెరికా సుంకం పడదు. గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు మాత్రం టెక్సాస్ రాష్ట్ర పన్ను కౌంటర్ ఉంటుంది. ఒక్క సీసా ఉన్నా అక్కడ కట్టి రావాలి.

సముద్రం ఊగినప్పుడు వేసుకునే మెక్లిజిన్ మాత్ర వేసుకున్నాక మందు తాగితే మత్తు విపరీతంగా పెరుగుతుంది. ఆ రోజు మానేయండి. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి

హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి అక్కడ రాయల్ కరీబియన్ ఎక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడా ఓడలో బిల్లు అమెరికా డాలర్లలోనే. మన క్రెడిట్ కార్డుల మీద చాలావాటికి విదేశీ లావాదేవీ ఛార్జి 2 నుంచి 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ పడతాయి. ఫారెక్స్ కార్డు అనుసంధానిస్తే ఆ భారం తగ్గుతుంది. అయితే ఓడవాళ్లు ముందుగా కొంత మొత్తం బ్లాక్ చేస్తారు కాబట్టి కార్డులో సరిపడా ఉంచండి. మూడు నాలుగు రాత్రుల ట్రిప్, పిల్లలతో వాటర్ స్లైడ్స్, రాత్రి షోలు. వీటి మధ్య తాగే తీరిక దొరికేది తక్కువ. ప్యాకేజీ వద్దనే చెబుతాను.

ముంబై, చెన్నైల నుంచి తిరిగే కార్డీలియాలో కూడా భోజనం టికెట్‌లో వస్తుంది, మందు విడిగా. 2022లో ఆ ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు మనవాళ్లలో చాలామందికి క్రూజ్ రుచి తెలిసింది. రెండు మూడు రాత్రుల ప్రయాణానికి తాగినదానికి కట్టుకోవడమే సులువు.

చివరికి ప్యాకేజీయే కావాలనుకుంటే ఓడ ఎక్కేదాకా ఆగకండి, లోపల ధర ఎక్కువ. రాయల్ కరీబియన్ యాప్‌లో ముందే కొనుక్కుని, రెండు వారాలకోసారి ధర చూస్తూ ఉండండి. నవంబర్ బ్లాక్ ఫ్రైడే సమయంలో తప్పక చూడండి. తగ్గితే పాతది రద్దు చేసి కొత్త ధరకి మళ్లీ తీసుకోవచ్చు, డబ్బు కార్డుకి తిరిగి వస్తుంది. బయల్దేరే ముందు ఒకటి రెండు రోజుల్లో రద్దు గడువు ముగుస్తుంది కాబట్టి ఆ తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.